విడదీస్తే తరుగుతుందా?

ఐదుంబావులోంచి రెండుముప్పావు తీసివేయమని బళ్లో లెక్క ఇస్తారు. ఐదులోంచి రెండు పోవడానికి అడ్డేమీ లేదు. పావులోంచి ముప్పావు పోవడమే కుదరదు. అక్కడ నేర్పే పద్ధతి అందరికీ తెలిసిందే: ఐదు ఒకట్లలో ఒకదాన్ని నాలుగు పావులుగా విడదీయాలి, ముందే ఉన్న పావును వాటితో కలపాలి. 5¼ కాస్తా 4 5/4 అవుతుంది. ఐదు పావుల్లో మూడు పోతే రెండు పావులు, అంటే అర. నాలుగులో రెండు పోతే రెండు. జవాబు రెండున్నర. ఈ లెక్కలో జరిగిన పనులు రెండు. మొదటిది విడదీత, రెండోది తీసివేత. మొదటి పని అయ్యాక కాగితం మీద రూపం మారింది కానీ విలువ వీసమెత్తు తగ్గలేదు. అందుకే 5¼ పక్కన, 4 5/4కి ముందు, సమాన చిహ్నం పెట్టగలుగుతున్నాం. తగ్గడం రెండో పనితోనే మొదలైంది. పిల్లలు ఈ రెంటినీ వేర్వేరు వరసల్లో రాస్తారు. వేదాంతంలో ఒక పెద్ద వివాదం మాత్రం వెయ్యేళ్లకు పైగా ఈ రెంటినీ ఒకే వరసలో రాస్తూ వచ్చిందని నా అభిప్రాయం. భగవంతుడు భాగాలుగా విడిపోతే ఆయన పూర్ణత్వం పోతుందన్న భయం అక్కడ పుట్టిందే.

ఒకటిని ముక్కలు చేయడమంటే భయం మనవాళ్లకే కాదు, గ్రీకులకూ ఉంది. ప్లేటో ‘రిపబ్లిక్’ ఏడో భాగంలో గణితజ్ఞుల గురించి ఒక మాట ఉంది: ఎవరైనా ఒకటిని కోయబోతే వాళ్లు నవ్వి ఒప్పుకోరట, ఒకటి అనేకంగా కనబడకూడదని జాగ్రత్త పడతారట. యూక్లిడ్ ఏడో పుస్తకంలో సంఖ్య అంటే ఒకట్ల సమూహం. అక్కడ పావుకీ ముప్పావుకీ సంఖ్యల వరసలో చోటు లేదు. మన గణితం దగ్గర ఈ పట్టింపు కనబడదు. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో భిన్నాలకు ఒక ప్రకరణమే కేటాయించాడు. పావులూరి మల్లన దాన్నే తెనిగించాడు. 1150 నాటి భాస్కరుడి ‘లీలావతి’లో పూర్ణాంకానికి భిన్నం చేరిన సంఖ్య భాగానుబంధం, పూర్ణాంకం నుంచి భిన్నం తగ్గిన సంఖ్య భాగాపవాహం. రెండింటికీ ఆయన సూత్రాలిచ్చాడు. ఒకటిని కోసినందుకు ఆయనకు ఎలాంటి సంకోచమూ లేదు. సంకోచమంతా పక్క శాస్త్రంలో, బ్రహ్మసూత్రాల మీద వాదించేవాళ్లలో ఉంది.

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఇరవయ్యారో సూత్రం ఒక చిక్కును ముందు పెడుతుంది. బ్రహ్మమే జగత్తుగా మారిందని అంటే రెండు దారులే ఉన్నాయి. బ్రహ్మం మొత్తం జగత్తుగా మారిపోయిందా? అయితే మారిన తరవాత తెలుసుకోవడానికి, ఉపాసించడానికి బ్రహ్మమంటూ మిగల్లేదు. కొంత భాగమే మారిందా? అయితే దానికి అవయవాలు లేవని చెప్పే శ్రుతి అబద్ధమవుతుంది. మన లెక్క భాషలో చెప్పుకుంటే రెండో దారి ఐదుంబావు లాంటిది: ఒక ఒకటిని విప్పాం, తక్కిన నాలుగూ చెక్కు చెదరకుండా ఉన్నాయి. మొదటి దారి ఒకటిలోంచి ముప్పావు తీయడం లాంటిది: అక్కడ పక్కన నిలిచే ఒకట్లు లేవు, ఉన్న ఒక్కటీ నాలుగు పావులైపోవాల్సిందే. ఆ చిక్కును శంకరులు విప్పిన తీరు తెలిసిందే. మార్పు నిజంగా జరగలేదు, అవిద్య కల్పించిన నామరూపాల వల్ల జరిగినట్టు కనబడుతోంది; తిమిరం కమ్మిన కంటికి చంద్రుడు ఇద్దరుగా కనబడినంత మాత్రాన ఆకాశంలో చంద్రుడు రెండు కాడు. దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టినవారు వల్లభాచార్యులు. 1479లో పుట్టిన ఈ ఆచార్యుడు వెలనాటి తెలుగు కుటుంబం వాడు. కాశీలో, వ్రజభూమిలో, గుజరాత్‌లో ఆయన సంప్రదాయం వ్యాపించింది కాబట్టి ఆయన మనవాడని తెలుగువాళ్లే మరిచారు. ఆయన లెక్కలో మార్పు నిజం, కానీ ఆ మార్పు వల్ల బ్రహ్మానికి వికారం లేదు. బంగారం కంకణమైనా కుండలమైనా బంగారమే. దీనికే అవికృత పరిణామమని పేరు. 5¼ ను 4 5/4 గా రాసిన వరస సరిగ్గా ఈ మాటే చెబుతుంది. మార్పు జరిగింది, లోటు జరగలేదు, కావాలంటే వెనక్కి మళ్లించి మళ్లీ ఐదుంబావు చేసుకోవచ్చు. వల్లభుల వాదం అసాధ్యమన్నవాళ్లు ముందు ఈ వరసను కొట్టేయాలి.

దీనికి మొదటి అభ్యంతరం న్యాయదర్శనం వాళ్లైన నైయాయికుల నుంచి వస్తుంది, అది బలమైనదే. అవయవాల కంటే అవయవి వేరని వాళ్ల సిద్ధాంతం. పోగులు వేరు, బట్ట వేరు. బట్ట అనేది పోగుల కుప్పకు మనం పెట్టిన పేరు మాత్రమే అయితే, అంతటా పరమాణువులే తప్ప మరేమీ లేకపోతే, కంటికి కనబడని పరమాణువుల గుంపు మాత్రం ఎలా కనబడుతుందని న్యాయసూత్రాలు బౌద్ధులను అడుగుతాయి. కుండ అంచు పట్టి లాగితే కుండంతా కదలడం ఎలాగనీ అడుగుతాయి. సైన్యం, అడవి లాగా దూరం నుంచి ఒకటిగా అనిపిస్తుందంతేనన్న జవాబును కూడా అవే ముందుగా ఊహించి కొట్టేస్తాయి. వాళ్ల ప్రకారం బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశిస్తుంది, దాని చోట ఖండపటం అనే కొత్త బట్ట పుడుతుంది. ఈ లెక్కన ఒకటిని నాలుగు పావులు చేస్తే ఆ ఒకటి చచ్చిపోయినట్టే. విలువ నిలిచిందని సంబరపడటం, ఇల్లు కూల్చి ఇటుకలన్నీ ఉన్నాయని చెప్పడంతో సమానం. ఇందులో నిజముంది. విడదీతలో నిలిచేది పరిమాణం, కూర్పు కాదు. కూర్పులోనే ప్రాణమున్న వస్తువులకు ఈ లెక్క వర్తించదు. రెండు సగాల ఆవు ఆవు కాదు. కానీ నైయాయికుడి నియమం అవయవాల సంయోగంతో పుట్టిన వస్తువులకే. పోగులు కలిస్తే పుట్టిన బట్ట, అవి విడితే పోతుంది. ఒకటి అనే సంఖ్య నాలుగు పావులు కలిసినందువల్ల పుట్టింది కాదు. పావే ఒకటిని ఆధారం చేసుకుని పుట్టింది. ఎంతలో పావు అన్నది తెలియకుండా పావుకు అర్థం లేదు. బ్రహ్మం కూడా జీవులూ జగత్తూ కలిస్తే తయారైన మొత్తమని వేదాంతుల్లో ఎవరూ అనలేదు. కాబట్టి బట్టకు వచ్చిన గతి బ్రహ్మానికీ వస్తుందనడానికి నైయాయికుడు వేరే హేతువు చూపాలి.

రెండో అభ్యంతరం ఇంతకంటే సూక్ష్మమైనది, నాకు ఎక్కువ ఇష్టమైనది. అసలు ఆ లెక్కలో విడదీత జరగనే లేదు, జరిగిందని మనం అనుకుంటున్నాం అంతేనని అది అంటుంది. సాక్ష్యం చేతికి దగ్గర్లోనే ఉంది. అన్నింటినీ అపక్రమ భిన్నాలు చేసి 21/4 లోంచి 11/4 తీస్తే 10/4 వస్తుంది, అదీ రెండున్నరే. ఇంకా తేలికైన దారి నోటిలెక్క చేసేవాళ్లకు తెలుసు. రెండుముప్పావు అంటే పావుతక్కువ మూడు. ఐదుంబావుకి ఒక పావు, పావుతక్కువ మూడుకి ఒక పావు కలిపితే ఐదున్నరలోంచి మూడు తీయడమవుతుంది. భాస్కరుడి భాగాపవాహం ఈ పావుతక్కువ మూడే. ఈ దారిలో ఏ ఒకటీ విరగలేదు, జవాబు మాత్రం మారలేదు. అంటే విరగడం సంఖ్యలో లేదు, మనం పట్టిన పద్ధతిలో ఉంది. జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1884లో అంకగణిత మూలాల మీద రాసిన పుస్తకంలో ఇదే సంగతిని వేరే దిక్కునుంచి చెప్పాడు: పేకముక్కలు చేతికిచ్చి సంఖ్య చెప్పమంటే, ముక్కలెన్నో అడుగుతున్నారా, కట్టలెన్నో అడుగుతున్నారా తెలిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు. సంఖ్య వస్తువుకు అంటుకుని ఉండదు, మనం దేని కింద లెక్కపెడుతున్నామో ఆ భావనకు అంటుకుని ఉంటుంది. ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందే వైశేషికులు ఒకటిని ద్రవ్యానికే ఇచ్చి, రెండు మొదలైన సంఖ్యలు అపేక్షాబుద్ధి వల్ల, అంటే ‘ఇదొకటి, ఇదొకటి’ అని లెక్కపెట్టే బుద్ధి వల్ల, పుడతాయని, ఆ బుద్ధి పోతే అవీ పోతాయని చెప్పారు. ఇది నిజమైతే శంకరులే గెలిచారు కదా, విడిపోవడం చూసేవాడి బుద్ధిలోనిదని ఆయన అన్నది ఇదే కదా అని అడగవచ్చు.

సగమే గెలిచారు. అపేక్షాబుద్ధి అంటే భ్రమ కాదు. తిమిరరోగికి కనబడే రెండో చంద్రుడు లేడు. ఒకటిలోని నాలుగు పావులు లేనివి కావు. లేనివైతే వాటిలోంచి మూడింటిని తీసిన లెక్కకు సరైన జవాబు ఎలా వచ్చింది? మూడు పద్ధతులూ రెండున్నర దగ్గరే కలిశాయంటే, విడదీసినా విడదీయకపోయినా ఆ పావులు అక్కడ ఉన్నట్టే లెక్క. విడదీయాలా వద్దా అన్నది మన ఇష్టం. విడదీస్తే ఎన్ని వస్తాయి, మూడు పోతే ఎంత మిగులుతుంది అన్నవి మన ఇష్టం కావు. మనకు స్వేచ్ఛ ఉన్న చోటునంతటినీ అవిద్య కింద రాసేయడం తొందరపాటు. అయితే ఈ అభ్యంతరం వల్ల వల్లభుల పక్షానికి ఒక మేలు కూడా జరిగింది, దాన్ని వదులుకోకూడదు. విడదీత కాలంలో జరిగే సంఘటన కాదని తేలింది. ముందు ఐదుంబావు ఉండి, తరవాత అది నశించి 4 5/4 పుట్టలేదు. రెండూ ఎప్పుడూ సమానమే, ముందువెనకలు మన కలానివి. కాబట్టి మారేది అనిత్యం అనే సామాన్య సూత్రాన్ని పట్టుకుని ఈ రకం మార్పును కొట్టడానికి వీల్లేదు.

ఇక అసలైన అభ్యంతరం. విడదీస్తే తరగదు, ఒప్పుకున్నాం. కానీ విడదీయడానికి వీలైనదల్లా తరగడానికీ వీలైనదే. పావులుగా విప్పింది ఎందుకు? తీసివేయడానికే. సావయవమైతే అనిత్యమవుతుందన్న మాట ఆ ఇరవయ్యారో సూత్రం మీది చర్చలోనే వస్తుంది. దాని బలమంతా ఇక్కడుంది: నిత్యమైనదానికి నష్టం జరగకపోతే చాలదు, నష్టం జరిగే వీలు కూడా ఉండకూడదు. నాకు కనిపించినంతలో నిరవయవ బ్రహ్మవాదానికి ఇంతకు మించిన ఆధారం లేదు. దీనికి జవాబు ఆ లెక్కలోనే ఉంది, కాకపోతే మనం చూడనిచోట. ఐదుంబావు తనంతట తాను తగ్గలేదు. దాని పక్కన రెండుముప్పావు అనే ఇంకో సంఖ్య వచ్చి నిలబడితే తగ్గింది. తీసివేతకు ఎప్పుడూ రెండు కావాలి: తీసే కొలత ఒకటి, తీసినది పోయి పడే చోటు ఒకటి. చోటు లేకపోతే తీయడమంటే ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరపడమే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాల లెక్క పోయి నూరు నయాపైసల లెక్క వచ్చింది. ఆ రోజు ఏ రూపాయీ తగ్గలేదు, ఎందుకంటే విభజన మారిందే తప్ప ఎవరూ ఏమీ పట్టుకుపోలేదు. బ్రహ్మానికి రెండోది లేదని శంకరులూ ఒప్పుకుంటారు, వల్లభులూ ఒప్పుకుంటారు. అసలు ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ తగాదా లేదు. రెండోది లేనప్పుడు తీసివేసే కొలత ఎక్కడినుంచి వస్తుంది? తీసినది ఎక్కడికి పోతుంది? బయట అనేది లేనిదానికి తరుగు లేదు, దానికి వెయ్యి భాగాలున్నా సరే. తరగకుండా ఉండటానికి నిరవయవత్వం అక్కర్లేదు, అద్వితీయత్వం చాలు. శంకరులు రెండు తాళాలు వేసిన తలుపుకి ఒక తాళం సరిపోయేది.

నిండుదనంలోంచి నిండుదనాన్ని తీసినా లోటు రాదని చెప్పే ఉపనిషత్ శాంతిమంత్రం కూడా ఇలా చదివితేనే నిలుస్తుంది. ఈ మధ్య దాన్ని అనంతాల గణితానికి ముందుమాటగా చూపించడం ఉపన్యాసాల్లో మామూలైంది. అనంతంలోంచి అనంతం పోతే అనంతమేనని చేతులు ఊపి చెబుతారు. ఆ వాక్యం గణితంలో సిద్ధాంతం కాదు. 1, 2, 3 అంటూ అంతులేకుండా సాగే సంఖ్యల్లోంచి సరిసంఖ్యలన్నీ తీస్తే అంతులేనన్ని మిగులుతాయి, నిజమే. ఐదు దాటినవన్నీ తీస్తే ఐదే మిగులుతాయి. అన్నీ తీస్తే సున్నా. మూడుసార్లూ తీసింది అనంతమే, మిగిలింది మూడు రకాలు. అనంత సమితుల శాస్త్రాన్ని కట్టిన కాంటరే తన అనంతాలను దైవానికి చెందిన పరమ అనంతం నుంచి జాగ్రత్తగా వేరు చేసి, ఆ విషయమై వేదాంతవేత్తలకు ఉత్తరాలు రాశాడు. మంత్రంలో లోటు రాకపోవడానికి కారణం పెద్ద సంఖ్య కాదు. అక్కడ తీసింది బయటికి పోలేదు, అంతే.

మిగిలిన ఒక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర ఇంత సులువైన జవాబు లేదు. మొత్తానికి తరుగు లేకపోవచ్చు, భాగం మాటేమిటి? రూపాయి విషయానికే మళ్లీ వస్తే, నూరును పదహారుతో భాగిస్తే అణాకు ఆరుంబావు నయాపైసలు రావాలి. ఆరుంబావు పైసల నాణెం లేదు కాబట్టి మార్పిడి పట్టికలో అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవయ్యైదు అని సర్దారు. రూపాయి ఉన్నవాడికి నష్టం లేదు, పావలా ఉన్నవాడికీ లేదు. ఒక్క అణా చేతిలో ఉన్నవాడికి పావు పైసా పోయింది. విడదీతలో నష్టం లేదన్న మాట మొత్తం వైపు నిలబడి చెప్పిన మాట. జీవుడు నిలబడింది అణా వైపు. జీవుణ్ని భగవంతుడి అంశగా గీత చెప్పినచోట శంకరులు, అది నిజమైన అంశ కాదు, అంశ లాంటిదేనని వ్యాఖ్యానించుకుంటూ వచ్చారు. నిరవయవానికి ముఖ్యార్థంలో అంశ కుదరదన్నారు. ఆయనకు జీవుడి దుఃఖం కూడా చివరికి కనబడేదే, ఉన్నది కాదు. వల్లభులకు ఆ వెసులుబాటు లేదు. అంశ నిజం, కాబట్టి అంశకు కలిగే వెలితీ నిజం కావాలి. జీవుడిలో ఆనందం లేకపోలేదు, తిరోహితమై ఉందని, అంటే మరుగుపడి ఉందని, అదంతా భగవంతుడి ఇచ్ఛ అని ఆయన చెప్పారు. పావుల్లో అలా మరుగుపడేది ఏమీ ఉండదు. ఒకటిలోని నాలుగు పావులకూ ఒకే విలువ, అందుకే ఏ మూడు తీసినా లెక్క ఒకటే. జీవులు అలా లేరు. ఒకడి పావులో ఎక్కువ, ఒకడి పావులో తక్కువ మరుగుపరిచింది ఎందుకో ఇచ్ఛ అన్న ఒక్క మాటతో తెగదు. భగవంతుడు విడిపోయినా తరగడన్న వాదంలో వల్లభులు నెగ్గారు. విడివడ్డవాడికి ఎందుకు తక్కువైందన్న ప్రశ్నకు మాత్రం ఆయన పక్షం ఇంకా జవాబు బాకీ ఉంది.